మాటకన్నా ముందు మీట

ఆమె వేలు కాలిందని తెలిసినప్పుడు నాకు మొదట కలిగింది బాధ కాదు, సంతోషం. ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగిందంతా ఆ సంతోషంలోంచే పుట్టింది.

మాది నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక యూనిట్. గేటు బయట ఇడ్లీ బండి, గోడ అవతల రంగుల ఫ్యాక్టరీ వాసన, లోపల మేము. విమానాల్లో, హెలికాప్టర్లలో ఉండే రేడియో సెట్లు రిపేరుకు మా దగ్గరికి వస్తాయి. "పాటలొస్తయా సార్ దాంట్ల?" అని చిల్కానగర్‌లో మా ఇంటి పక్క కిరాణా కొట్టాయన ఇప్పటికీ అడుగుతాడు. రావు. పైలట్ మాట కిందికి, కిందివాళ్ల మాట పైలట్‌కి చేరడానికే అవి. నా ఉద్యోగమంతా వాటి ముందే గడిచింది. పాత సెట్టు మూత విప్పితే లోపల చిన్న చిన్న రాగి చుట్టలు, వాటి నెత్తిన తిప్పే మరలు ఉంటాయి. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో మరను కొద్దికొద్దిగా తిప్పుతూ హెడ్‌ఫోన్‌లో వినాలి. సుర్రుమనే హోరు సన్నబడి, దాని వెనక నుంచి మనిషి గొంతు తేటగా బయటికొచ్చే చోటు ఒకటుంటుంది. అక్కడ ఆపాలి. ఆ చోటు నాకు మీటరు చూడకుండానే తెలుస్తుందని యూనిట్‌లో పేరు. ఆ పేరంటే నేను చెవి కోసుకుంటాను.

ఇంతలో కొత్త సెట్లు వచ్చాయి. పాతది తీసిన గూట్లోనే కూర్చునేలా అదే కొలత, అవే కనెక్షన్లు. లోపల మాత్రం రాగి చుట్టా లేదు, మరా లేదు. ఒక బోర్డు, దానిలోకి లాప్‌టాప్ నుంచి పంపే ప్రోగ్రాం. తిప్పాల్సింది ఏదీ లేదు. ఇంజన్ హోరును తనే గుర్తుపట్టి తనే తుడిచేసి, మాట ఒక్కటే చెవిలో పెడుతుంది. పాత సెట్లన్నీ తీసేసి వీటిని పెట్టాలని పైనుంచి నిర్ణయం. ముందు కొన్నాళ్లు మా దగ్గర పరీక్షించి, బాగున్నాయంటే మిగతావి తెప్పిస్తారు.

వాటిని చూసుకోవడానికి ఒక కుర్ర ఇంజనీర్ వచ్చాడు. అంతకుముందు పోచారంలో ఐటీ కంపెనీలో చేశాడట. నేనతనికి "పోచారం బాబు" అని పేరు పెట్టాను, మొదట వెనకాల, తర్వాత ముఖం మీదే. అతను నవ్వి ఊరుకునేవాడు. "సర్, మీరు వినేటప్పుడు దేన్ని పట్టుకుంటారో చెప్పండి, దాన్ని ప్రోగ్రాంలో రాయడానికి ట్రై చేస్తా" అని ఒకసారి మర్యాదగానే అడిగాడు. "నా చెవి నీ లాప్‌టాప్‌ల పట్టదు బాబూ" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు వారం రోజులు కడుపు నింపింది.

ఇక ఆమె గురించి చెప్పాలి. మా బిల్డింగు పైన ఒక ఇనుప స్తంభం, దానికి యాంటెనా ఉంటాయి. రిపేరైన సెట్టును కింద నా బల్ల మీద పెట్టి, కేబుల్‌తో పై యాంటెనాకు కలిపి, గాలిలోకి మాట పంపి చూస్తాం. పైన యాంటెనాలు మార్చడం, నట్లు బిగించడం చేసే టెక్నీషియన్ ఆమె. ఆలేరు దిక్కు మనిషి, ఐటీఐ చదివింది, లాలాపేట్‌లో కిరాయికుంటుంది. ఇద్దరు ఆడపిల్లలు బడికి పోతున్నారు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, అంటే గేటు పాసు కొత్తది ఇస్తే ఉన్నట్టు, ఇవ్వకపోతే లేనట్టు. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. కొన్నేళ్లుగా పైన ఆమె, కింద నేను.

ఈ పనిలో ఒక రూలుంది. పైన మనిషి చెయ్యి యాంటెనా మీద ఉండగా కింద సెట్టులోంచి పవర్ పంపకూడదు. కరెంటు షాక్‌లా విసిరికొట్టదు గానీ తాకిన చోట లోపలికంటా కాలుస్తుంది. అందుకని పంపేముందు అడగాలి. పై మనిషి "అఫర్మ్" అంటే పంపాలి, "నెగటివ్" అంటే ఆగాలి. పైలట్లు వాడే మాటలే. "అఫర్మేటివ్" అని పూర్తిగా ఎందుకనరో కొత్తగా చేరినవాళ్లకు నేనే చెప్పేవాణ్ణి. హోరులో మాట మొదలు కొట్టుకుపోతే రెండింటికీ మిగిలే తోక 'టివ్' ఒకటే, అవునో కాదో తెలియదు, అందుకే ఒకదాని తోక కత్తిరించేశారు అని. ఈ పాఠం చెప్పేటప్పుడు నా గొంతు మారిపోతుందని మావాళ్లు వెక్కిరిస్తారు.

పాఠం పాఠమే, పని పనే. మా ఇద్దరి మధ్యా ఆ ఇంగ్లీషు మాటలు ఎన్నడూ నిలబడలేదు. "పంపాల్నా చెల్లె?" అంటాను. సరేనంటే "ఊఁ", వద్దంటే "ఊఁహూఁ". రెండూ నోరు తెరవకుండా అనగలిగే మాటలు. ఆమెకు అదే కావాలి, ఎందుకంటే వాషరో నట్టో పళ్ల మధ్య పట్టుకుని రెండు చేతులతో పనిచేయడం ఆమె అలవాటు. అదీగాక ఆమె ఊఁహూఁ తాపీగా వస్తుంది. ఊఁ అని, చిన్న గుక్క తీసుకుని, అప్పుడు హూఁ అంటుంది. ఇంగ్లీషు మాటలకు తోక ఒకటే అని పాఠం చెప్పిన పెద్దమనిషికి, మన మాటలకు తల ఒకటే అని ఎన్నడూ తట్టలేదు.

ఆ రోజు పైకీ కిందికీ మాట్లాడుకోవడానికి పోచారం బాబు కొత్తరకం చిన్న సెట్లు ఇచ్చాడు. తలకు తగిలించుకుంటే చాలు, బటన్ నొక్కనక్కర్లేదు, మాట పలికితే తనే పంపుతుంది. లోపల విమానం కొత్త సెట్లలో ఉండే ప్రోగ్రామే, హోరు లేదు, సుర్రు లేదు. నాకు ఆ నిశ్శబ్దమే నచ్చలేదు. పాత సెట్టులో హోరు వినబడుతుంటే అవతల లైను బతికే ఉందని తెలుస్తుంది. ఇది చచ్చిన పీనుగులా ఉందని గొణుక్కుంటూనే తగిలించుకున్నాను. పైన ఆమె యాంటెనా మొదలు దగ్గర నట్టు బిగిస్తోంది. కింద బల్ల మీద రిపేరైన పెద్ద సెట్టు, పవర్ పంపే దాని మీట నా చేతిలో సిద్ధంగా ఉన్నాయి.

"పంపాల్నా చెల్లె?"

"ఊఁ."

మీట నొక్కాను.

కేక రేడియోలో రాలేదు. మెట్ల మీదుగా, గాలిలో, మామూలు చెవికి వినబడింది. నేను పైకి చేరేసరికి ఆమె పిట్టగోడకు ఆనుకుని కూర్చుని, ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని ఉంది. హెల్మెట్ పక్కకు దొర్లింది. చూపుడు వేలి కొసన పప్పుగింజంత తెల్లటి మచ్చ. చూడ్డానికి పెద్ద గాయంలా లేదు గానీ ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పెదాలు బిగబట్టి ఊపిరి తీసుకుంటోంది.

"వద్దనే అన్న గదన్నా" అంది.

నేనన్న మొదటి మాట "ఎట్లున్నది?" అని కాదు. "నాకు ఊఁ అనే వినబడ్డది" అని. అంటుండగానే నా బుర్రలో దీపం వెలిగింది. ఆమె ఊఁహూఁ అంది, నాకు ఊఁ అని వినబడింది. మరి హూఁ ఏమైంది? కొత్త సెట్టు మింగింది! హూఁ అంటే ఏముంది, సగం గాలే, ఒట్టి ఊపిరి. గాలి చప్పుడును హోరనుకుని తుడిచేసే సెట్టుకు ఊపిరికీ హోరుకూ తేడా ఏం తెలుస్తుంది? దొరికావు పోచారం బాబూ అనుకున్నాను. నా ముందు ఆమె నొప్పికి పళ్లు కొరుకుతుంటే నాకు లోపల దీపావళి.

దవాఖానాకు వేరేవాళ్లు తీసుకుపోయారు. నేను కిందికి దిగి, కనబడ్డ ప్రతివాడికీ నా సిద్ధాంతం వినిపించాను. సాయంత్రం తిన్నగా ఇంటికి కూడా పోలేదు. ఉప్పల్ చౌరస్తా దాకా పోయి, మెట్రో స్తంభాల కింద బండి ఆపి, మిర్చి బజ్జీలు కట్టించుకుని చిల్కానగర్‌కు వచ్చాను. పండగ చేసుకున్నాను, దాచడానికేం లేదు.

"ఏంది గింత ఖుషీ?" అంది మా ఆవిడ పొట్లం విప్పుతూ. మొత్తం చెప్పాను. హూఁ ఎట్లా మాయమైందో చేతులు తిప్పి మరీ చెప్పాను. ఆమె బజ్జీ ముట్టుకోలేదు.

"ఆ పిల్ల చెయ్యి ఎట్లున్నది మరి?"

"దవాఖానకు తీస్కపోయిన్రు."

"నువ్వు పోలేదా?"

"రేపు అడుగుతలే" అన్నాను. అక్కడైనా నాకు సిగ్గేసి ఉండాల్సింది. వేయలేదు, చిరాకేసింది. ఇంత పెద్ద సంగతి కనిపెడితే ఈమెకు వేలే కనబడిందే అనుకున్నాను.

మా దగ్గర భద్రత చూసే ఆఫీసరు కృష్ణా జిల్లా ఆయన. మాట మెత్తన, రూలు గట్టి. మర్నాడు నన్నూ, పోచారం బాబునూ, కట్టు కట్టుకుని వచ్చిన ఆమెనూ కూర్చోబెట్టి ఏం జరిగిందని అడిగాడు. ఆమె ఒక్క మాటే చెప్పింది: "నేనైతే వద్దనే అన్న సార్. మధ్యల ఏమైందో నాకెర్క లేదు." ఆమెను బయటికి పంపి, ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ అన్నాడు. "ఆవిడ నెగటివ్ అని ఉంటే ఈ గొడవే ఉండేది కాదండీ. కాంట్రాక్టు వాళ్లకి ఇలాంటివి ఒక్కసారే. ఈ నెలాఖరుకి పాస్ ఆపేద్దాం. మనసుకి కష్టమే, కానీ రేపు ఏ ప్రాణమో పోతే నేను జవాబు చెప్పాలి."

నేను లేచి నిలబడ్డాను. "ఆమె తప్పేం లేదు సార్. తప్పు కొత్త సెట్టుది. రుజువు చేస్త. అందరి ముందట, పాత సెట్టు, కొత్త సెట్టు పక్కపక్కన పెట్టి చూపిస్త." ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. సెట్టు తప్పని తేలితే ఆమె పాసు జోలికి రానన్నాడు. తేలకపోతే తన మాట తనదే.

సాయంత్రానికల్లా ఈ కబురు యూనిట్ అంతా పాకింది. కాంట్రాక్టు మనిషి కోసం పర్మనెంట్ మనిషి నిలబడ్డాడని మెచ్చుకున్నారు. క్యాంటీన్ ఆయన నా చాయ్‌కి పైసలు వద్దన్నాడు. నాకూ అది నిజమేననిపించింది. ఆమె పిల్లల బడి ఫీజు తలుచుకున్నప్పుడు గుండె కరిగింది కూడా. కానీ ఎవరూ చూడని చోట, నా లోపల నేను ఊహించుకున్న దృశ్యం వేరు. అందులో ఆమె లేదు. కొత్త సెట్లను అట్టపెట్టెల్లో సర్దుకుని వెనక్కి పంపుతున్న పోచారం బాబు ఉన్నాడు.

ఆమెకు డెమో సంగతి నేనే చెప్పాను, క్యాంటీన్ బయట. "నువ్వు పైన, నేను కింద. ఆ రోజు లెక్కనే నట్టు పండ్లల్ల పెట్టుకో, ఆ రోజు ఏమన్నవో అదే అను."

"డెమో గిట్ల వద్దన్నా. ఆ రోజు నేను..."

"నీకెందుకు భయం, నేనున్న గద."

"అది గాదన్నా, జర నా మాట..."

"ఫికర్ జెయ్యకు చెల్లె. నీ పాసుకు నాది పూచీ."

ఆమె నా ముఖంలోకి చూసింది, తర్వాత కట్టు కట్టిన వేలిని చూసుకుంది. "సరే తియ్యన్నా" అని లోపలికి పోయింది. మంచిదానికి భయపడుతోంది పాపం అనుకున్నాను. తన పాసు నా చేతిలో ఉన్న మనిషి రెండుసార్లు నోరు తెరిస్తే రెండుసార్లూ మూయించానని అప్పుడు నాకు తోచనే లేదు. నాది చెలగాటం, ఆమెది ప్రాణసంకటం.

డెమో రోజు నా బల్ల చుట్టూ మనిషి పక్కన మనిషి నిలబడ్డారు. పోచారం బాబు ఒక్క సంగతి దగ్గర పట్టుబట్టాడు. "ఈసారి పెద్ద సెట్టు పవర్ పైకి పోకూడదు సర్. డమ్మీ లోడ్ పెడదాం." డమ్మీ లోడ్ అంటే ఒక బరువైన ఇనుప డబ్బా. పవర్ గాలిలోకి పోకుండా అదే మింగి వేడెక్కుతుంది. "డమ్మీయో గిమ్మీయో, ఏదన్నా పెట్టుకో బాబూ" అన్నాను. అతను కేబుల్ మార్చి, పైనుంచి వచ్చే ఆమె మాట అందరికీ వినబడేలా చిన్న సెట్టును స్పీకరుకు కలిపాడు. నేను మీట నొక్కితే పెద్ద సెట్టు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. అదొక్కటే చాలు, పవర్ ఎప్పుడు పోయిందో గదిలో ఎవరికైనా తెలుస్తుంది.

ముందు పాతరకం చిన్న సెట్టు. "పంపాల్నా చెల్లె?" స్పీకరులో సుర్రుమని హోరు. దాని మధ్యలో "ఊఁ". నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. చిన్న గుక్క. "హూఁ." "విన్నరు గద" అన్నాను. తలలు ఊగాయి.

తర్వాత కొత్తది. ఆమె పైన సెట్టు మార్చుకుంది. స్పీకరు మూగబోయింది, నాకు నచ్చని ఆ నిశ్శబ్దం.

"పంపాల్నా చెల్లె?"

"ఊఁ."

గదిలోనే నిలబడి అన్నట్టుంది, అంత తేటగా. మీట నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది. నేను గర్వంగా జనం వైపు తిరిగి, "విన్నరా సార్? ఊఁ! అంతే. మరి హూఁ ఏ..." అంటున్నాను.

"హూఁ" అంది స్పీకరు.

పూర్తిగా, నిండుగా, ఊపిరితో సహా. ఏ గాలినీ ఎవరూ తుడవలేదు. ఆఫీసరు ఎర్ర దీపాన్ని చూశాడు, తర్వాత మీట మీద ఇంకా అలాగే ఉన్న నా బొటనవేలిని చూశాడు. అందరూ అదే చూశారు. అసలు రోజు నాకెందుకు వినబడలేదో ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ రోజు పవర్ డబ్బాలోకి కాదు, పైకి పోయింది. హూఁ నోట్లోంచి వచ్చేలోపే ఆమె వేలు కాలింది, అది కేకగా మారి మెట్ల మీదుగా వచ్చింది.

పైన ఉన్న ఆమెకు ఇదేమీ కనబడదు కదా. స్పీకరులోంచి మళ్లీ ఆమె గొంతు వచ్చింది. నట్టు నోట్లోంచి తీసినట్టుంది, మాట స్పష్టంగా ఉంది.

"అన్నా, అయిపోయిందా? సరిగ్గనే అన్ననా?"

నాకు తల కొట్టేసినట్టయింది. చివరికి నేనన్న మాట ఏమిటో తెలుసా? "స్విచ్చు జారింది సార్. ఇంకోసారి చూద్దాం." అంతమంది చూస్తుండగా, అంత కళ్లెదుట జరిగినదాని మీద అబద్ధం ఆడాను. ఆయన సరేనన్నాడు. రెండోసారి నా బొటనవేలిని ఎడమ చేత్తో పట్టుకుని విన్నాను. ఊఁ. గుక్క. హూఁ. గుడి గంటలా వచ్చింది. ఇక పట్టుకోవడానికి కొమ్మ లేదు. వెనకాల ఎవరో "ఆడలేక మద్దెల ఓడంటే గిదే" అన్నారు. మెల్లగానే అన్నారు గానీ నా చెవికి పేరుంది కదా, వినబడింది.

పోచారం బాబు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. తల వంచుకుని కేబుళ్లు చుట్టాడు. జనం పోయాక మెల్లగా అన్నాడు: "సర్, పై మనిషి 'అఫర్మ్' అన్నాకే మీట పనిచేసేలా ప్రోగ్రాంలో రాయొచ్చు. మీ కోసమని కాదు సర్, అందరికీ పనికొస్తుంది." నేనన్ని మాటలన్నా అతను నాకు కప్పుకోవడానికి ఒక గుడ్డ ఇస్తున్నాడు. "రాయి బాబూ" అన్నాను. ఈసారి ఆ బాబులో వెటకారం పలకలేదు.

ఆలోచిస్తే నాకు అర్థమైంది ఇంతే. హోరులో ముప్పయ్యేళ్లు విన్నవాడికి సగం మాట చాలు, మిగతా సగం తనే పూరించుకుంటాడు. పాత సెట్లతో అదొక విద్య. పైలట్ మాట విరిగి వచ్చినా అతకగలిగేవాణ్ణి, దానికే నన్ను మెచ్చుకున్నారు. కొత్త సెట్టు మాటను పూర్తిగా ఇస్తుంది, కానీ ఇచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడం నాకు రాదు. పాత సెట్టుతో డెమో చేసినప్పుడు ఆగాను కదా అంటే, హూఁ రావాలని కోరుకున్నాను కాబట్టి ఆగాను. కొత్తదానితో రాకూడదని కోరుకున్నాను. ఇట్లా ఎంతమంది మాటలు సగంలో పట్టుకుని నేను మీట నొక్కానో అని ఆ రోజు నుంచి వెనక్కి వెతుక్కుంటూ ఉన్నాను. మా ఆవిడను అడిగితే వెంటనే చెబుతుంది గానీ అడిగే ధైర్యం లేదు.

ఆఫీసరు తన గదిలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. "ఆవిడ పాస్ సంగతి ఇంక వదిలేయండి, నేను చూసుకుంటాను. మీరు సీనియర్ మనిషి, ఇకమీదట కాస్త చూసుకోండి" అన్నాడు. అంతే. ఒక మాట నోరు తెరవకుండా అన్నందుకు ఆమెకు పాసు ఆపేయబోయారు. ఆమె వేలు కాల్చి, ఆ తప్పును మొదట సెట్టు మీద, తర్వాత స్విచ్చు మీద వేసినందుకు నాకు చాయ్ ఇచ్చారు. "ఇది న్యాయం కాదు సార్, నా మీద కూడా ఏదో ఒకటి రాయండి" అనొచ్చు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అనలేదు. చాయ్ తాగి, కప్పు పక్కన పెట్టి, థాంక్యూ సార్ అని వచ్చేశాను.

డ్యూటీ దిగాక ఆమె గేటు బయట రోడ్డు దాటి లాలాపేట్ పోయే బస్సు కోసం నిలబడి ఉంది. బండి స్టాండు వేసి దగ్గరికి పోయాను. ముఖం చెల్లడం లేదు, అయినా పోయాను. ఏమనాలో దారంతా కూర్చుకున్నాను గానీ తీరా నిలబడితే ఒక్కటే వచ్చింది.

"తప్పు నాదే చెల్లె."

"నాకెర్కే అన్నా."

"ఎవరన్న చెప్పిన్రా కింద జరిగింది?"

"ఒకలు చెప్పేదేందన్నా. కాలింది నా వేలాయె. నా మాట నోట్లుండంగనే కాలింది. గా రోజే ఎర్క నాకు."

ఆఫీసరు ముందు ఆమె అన్న మాట గుర్తొచ్చింది, మధ్యలో ఏమైందో తెలియదని. తెలిసే అంది. పాసు పోవచ్చని తెలిసి కూడా నా పేరు ఎత్తలేదు.

"మరి సార్ అడిగినప్పుడు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నీకున్న పేరు పోతదనుకున్న. డెమో పెడ్తనంటివి, ఆడ బయటపడి నలుగురి ముందట ఇజ్జత్ పోతదని చెప్దామని మొదలువెట్టిన. నువ్వు చెప్పనిస్తే గద."

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆమె కట్టు కట్టిన చెయ్యి దుమ్ము పడకుండా కొంగులో చుట్టుకుని నిలబడింది. నేను బలహీనుణ్ణి, క్షమించిందని వింటే తప్ప ఇంటికి పోలేను. "నా మీద కోపమున్నదా చెల్లె?" అని అడిగాను. లేదంటుందనే అడిగాను.

ఆమె వెంటనే జవాబివ్వలేదు. నేను నోటి దాకా వచ్చిన "మల్ల గిట్ల కానియ్య"ను మింగి ఆగాను. బస్సు దూరంగా మలుపు తిరిగి వస్తోంది. ఆమె చెయ్యెత్తి బస్సును ఆపుతూనే అంది.

"పై మీద పని ఇగ నీతోని వద్దని, వేరేవాళ్లతోని ఇయ్యమని సూపర్‌వైజర్ సార్‌కు చెప్పినన్నా."

"ఇయ్యాల చెప్పినవా?"

"గాదు. డెమో కంటే ముందే. కట్టు కట్టించుకుని వచ్చిన నాడే."

బస్సు ఆగింది. ఆమె మంచి చెయ్యితో కడ్డీ పట్టుకుని మెట్టెక్కి, నా వైపు తిరిగింది.

"నీ పేరు నిలవాలనే అనుకున్ననన్నా. గనీ నా చేతులు నాకు గావాలె గద."

అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. పిల్లలకు రేపటి టిఫిన్ ఏం పెట్టాలో చెప్పినంత మామూలుగా అంది. ఆ మాట అనేటప్పుడు కూడా నన్ను అన్నా అనే పిలిచింది. అన్నింటికన్నా దానికే నాకు ఎక్కువ సిగ్గేసింది.